సున్నాకు చేరిన పాత్ర: పోరులో స్పృహ తప్పడాన్ని బల్ల దగ్గర ఎలా నడిపించాలి

ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడుపుతూ పాచికలతో సాహసకథ ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో పోరు ముదిరేకొద్దీ ఎవరో ఒకరి హిట్ పాయింట్లు, అంటే పాత్రకు మిగిలిన ప్రాణబలం, సున్నాకు చేరతాయి. ఆ వెంటనే బల్ల చుట్టూ కూర్చున్నవారంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెడతారు: చచ్చాడా, బతికే ఉన్నాడా, ఇప్పుడు పాచిక ఎవరు వేయాలి, పక్కనున్న శత్రువు ఇంకో దెబ్బ కొడితే ఏమవుతుంది? కడపలోనో కర్నూలులోనో అనంతపురంలోనో నలుగురు మిత్రులను కూడగట్టుకుని కొత్తగా ఆట మొదలుపెట్టినవారు ఈ ప్రశ్నలకు ఏ వరుసలో జవాబు చెప్పుకోవాలో ఇక్కడ వివరిస్తాను. ఒక్క మాట ముందే చెప్పాలి. పడిపోయిన పాత్ర ప్రాణం తీసేది సాధారణంగా డెత్ సేవ్ (పడినవారు బతుకుతారా చస్తారా అన్నది తేల్చే) పాచిక కాదు, పక్క గడిలో నిలబడి ఉన్న శత్రువు. ఈ సంగతి తెలియని బృందాలు పాచిక వైపు చూస్తూ కూర్చుంటాయి, తెలిసిన బృందాలు ముందు ఆ శత్రువును అక్కడి నుంచి కదిలిస్తాయి.

ఆటకు ముందు తేల్చుకోవలసినవి

మొదట, ఏ సంవత్సరపు నియమాలతో ఆడుతున్నారో నిర్ణయించుకోండి. ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, దాన్ని సవరించిన పుస్తకం 2024లో వచ్చింది. రెండింటిలోనూ పడిపోవడం దాదాపు ఒకే విధంగా ఉన్నా, శత్రువును చంపకుండా పడగొట్టే చోట మాత్రం గట్టి తేడా ఉంది. పుస్తకం కొనే స్తోమత లేదని ఆగనవసరం లేదు, ఎందుకంటే 2014 నియమాల మూలభాగాన్ని ప్రచురణకర్తలు 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేశారు. ఈ వ్యాసంలోని విషయాల్లో ఎక్కువ భాగం అందులోనే ఉంది.

అంతకు ముందరి ఎడిషన్లు ఆడిన అన్నలెవరైనా మీ బృందంలో ఉంటే వారి జ్ఞాపకాలతో కాస్త జాగ్రత్తగా ఉండండి. 1974 నాటి మొదటి ఆటలో సున్నా అంటే చావే. మూడో ఎడిషన్‌లో హిట్ పాయింట్లు సున్నా కిందికి కూడా దిగేవి, మైనస్ 10కి చేరితే పాత్ర చనిపోయేది. ఐదో ఎడిషన్‌లో మైనస్ లెక్క లేనే లేదు. సున్నాయే అడుగు.

రెండోది, పడిపోయిన పాత్రలను శత్రువులు మళ్లీ కొడతారా లేదా అన్న విషయంలో ఆటను నడిపే డీఎం తన పద్ధతిని ముందుగానే చెప్పాలి. నా అభిప్రాయంలో డబ్బు కోసం వచ్చిన దొంగలు, నిలబడి కత్తి తిప్పుతున్న మనిషిని వదిలి, పడిన మనిషి మీద తమ వంతు వృథా చేసుకోరు. అయితే ఒకసారి పడినవాడు మంత్రంతో లేచి మళ్లీ కొట్టడం కళ్లారా చూశాక, వాళ్లలో తెలివిగలవాడు రెండోసారి ఊరుకోడు. ఆకలిగొన్న మృగమైతే పడినదాన్ని ఈడ్చుకుపోవడమే సహజం.

మూడోది చిన్న విషయం. డెత్ సేవ్‌ల సఫలం, విఫలం గుర్తుపెట్టుకోవడానికి ప్రతి ఆటగాడి ముందు రెండు రంగుల గింజలు కొన్ని ఉంచండి. చింతగింజలు, గవ్వలు బాగుంటాయి. చెనిక్కాయలు మాత్రం వద్దు, మూడో రౌండ్‌కల్లా లెక్కంతా కడుపులోకి పోతుంది.

దెబ్బ తగిలిన క్షణం

దెబ్బ విలువ తెలియగానే ముందు చేయవలసింది ఒక తీసివేత. మిగిలి ఉన్న హిట్ పాయింట్లను దెబ్బలోంచి తీసివేయగా మిగిలినది, ఆ పాత్ర గరిష్ఠ హిట్ పాయింట్లకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే, స్పృహ తప్పడం అన్న దశే ఉండదు, పాత్ర అక్కడికక్కడే చనిపోతుంది. గరిష్ఠం 24 ఉన్న ఫైటర్ (యోధుడి పాత్ర) దగ్గర ఆ సమయానికి 7 మిగిలి ఉన్నాయనుకుందాం. 30 దెబ్బ తగిలితే అతను స్పృహ తప్పుతాడు, 31 తగిలితే చనిపోతాడు.

పెద్ద లెవెళ్లలో ఈ లెక్క అరుదుగా అవసరమవుతుంది గానీ మొదటి లెవెల్‌లో దీన్ని తేలికగా తీసుకోకండి. ఓగర్ అనే రాక్షసుడి గద దెబ్బ రెండు 8 ముఖాల పాచికలు, దానికి పైన 4. మొదటి లెవెల్ విజార్డ్‌కు (మాంత్రికురాలికి) 7 హిట్ పాయింట్లు ఉంటే, ఒంటి మీద గీత కూడా లేని స్థితిలో ఆ గద ఒక్కసారి తగిలినా 14 లేదా అంతకంటే ఎక్కువ పడి ఆమె నేరుగా చనిపోయే అవకాశం నూటికి సుమారు 44. కొత్త బృందం ముందుకు ఓగర్‌ను తెచ్చే డీఎం ఈ సంగతి తెలిసే తేవాలి.

చావు తప్పితే, పాత్ర షీటులో ప్రత్యేక శక్తి ఏదైనా ఉందేమో చూడండి. 2014 పుస్తకంలోని హాఫ్ ఆర్క్ జాతివారు లాంగ్ రెస్ట్‌కు (రాత్రి నిద్రలాంటి పూర్తి విశ్రాంతికి) ఒకసారి సున్నాకు బదులు 1 దగ్గర ఆగగలరు. ఆటగాళ్లు దీన్ని తరచుగా మరచిపోతారు, డీఎం గుర్తు చేస్తే తప్పేమీ లేదు.

స్పృహ లేకపోవడం అంటే ఏమేమిటి

ఇక పాత్ర పడిపోయింది. చేతిలో ఉన్నవన్నీ జారి కింద పడతాయి, పాత్ర నేల మీద పడుతుంది, కదలలేదు, మాట్లాడలేదు, చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు. ఏకాగ్రతతో నిలిపి ఉంచిన మంత్రం ఏదైనా ఉంటే అది అదే క్షణంలో ఆగిపోతుంది. క్లెరిక్ (వైద్యం చేసే పూజారి పాత్ర) పడిపోతే ఆమె మిగతావారికి ఇచ్చిన బ్లెస్ అనే దీవెన మంత్రం కూడా పోయినట్టే, కాబట్టి తర్వాతి పాచికలకు అదనపు 4 ముఖాల పాచిక కలపకూడదు. బలానికి, చురుకుదనానికి సంబంధించిన సేవ్‌లు (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచికలు) పాచిక వేయకుండానే విఫలమవుతాయి. పడిన పాత్ర మీద చేసే దాడులకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఉంటుంది, 5 అడుగుల లోపు నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్ (దెబ్బ పాచికలు రెట్టింపయ్యేది) అవుతుంది.

దూరం నుంచి బాణం వేసేవాడి సంగతి వేరు. నేల మీద పడి ఉన్నవారి మీద 5 అడుగుల కంటే దూరం నుంచి వేసే దాడికి డిస్అడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నది తీసుకోవడం) ఉంటుంది, స్పృహ లేనందువల్ల అడ్వాంటేజ్ ఉంటుంది, రెండూ చెల్లుకుపోయి మామూలు పాచిక ఒక్కటే మిగులుతుంది. అందుకే విలుకాడి కంటే కత్తివాడే పడినవారికి ఎక్కువ ప్రమాదం.

ఆటగాడి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పాత్రకు స్పృహ లేనప్పుడు ఆటగాడు పక్కవాళ్లకు ఎత్తుగడలు చెప్పడం చాలా బృందాల్లో గొడవకు దారితీస్తుంది. మా వైపు డీఎంలు "ఏమప్పా, నువ్వు పడిపోయినావు, మాట్లాడాకు" అని నవ్వుతూ ఆపేస్తారు. అయితే మనిషిని అరగంట ఊరికే కూర్చోబెట్టడం కూడా న్యాయం కాదు. దొంగల్లో ఒకడి పాచికలను అతని చేతికిస్తే డీఎంకు పని తగ్గుతుంది, అతనికి పొద్దు పోతుంది.

డెత్ సేవ్ ఎలా వేయాలి

పడిన వెంటనే పాచిక వేయకూడదు. వరుసలో ఆ పాత్ర స్థానం మారదు, తన వంతు వచ్చి అది మొదలయ్యే సమయానికి ఇంకా సున్నా దగ్గరే ఉంటే అప్పుడు 20 ముఖాల పాచిక వేయాలి. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే సఫలం, తక్కువైతే విఫలం. మూడు సఫలాలు చేరితే పాత్ర స్థిరపడుతుంది, మూడు విఫలాలు చేరితే చనిపోతుంది. ఇవి వరుసగా రానవసరం లేదు. 1 పడితే రెండు విఫలాలుగా లెక్కించాలి. 20 పడితే 1 హిట్ పాయింట్‌తో స్పృహ వస్తుంది, వంతు అప్పుడే మొదలైంది గనుక లేచి పోరాడవచ్చు కూడా. ఒక్క హిట్ పాయింట్ తిరిగి వచ్చినా, స్థిరపడినా అప్పటివరకు చేరిన గుర్తులన్నీ చెరిపేయాలి.

ఎవరూ సాయం చేయక, ఎవరూ కొట్టక, ఆ పాత్రను పాచికకే వదిలేస్తే చనిపోయే అవకాశం నూటికి దాదాపు 40. అంటే సగానికి తక్కువే, ఇందులో మరీ కంగారు పడవలసినది లేదు. కానీ సున్నా దగ్గర ఉన్నప్పుడు ఏ దెబ్బ తగిలినా ఒక విఫలం చేరుతుంది, క్రిటికల్ అయితే రెండు చేరతాయి. ఒక్క విఫలం ముందే చేరితే చావు అవకాశం నూటికి 58కి పెరుగుతుంది. రెండు చేరితే 79 దాకా పోతుంది. పక్క గడిలో నుంచి తగిలే దెబ్బ క్రిటికలే అవుతుందని పైన చూశాం కదా, కాబట్టి కత్తి పట్టినవాడు ఒక్కసారి కొడితే 40 కాస్తా 79 అవుతుంది, రెండోసారి కొడితే పాచిక వేసే అవసరమే ఉండదు. రెండు దాడులు చేయగల శత్రువైతే ఈ పనంతా తన ఒక్క వంతులోనే ముగించగలడు.

మంటల మంత్రాలతో ఇంకో చిక్కు ఉంది, అది ఎక్కువగా సొంత బృందం వల్లే వస్తుంది. సున్నా దగ్గర తగిలిన దెబ్బ గరిష్ఠ హిట్ పాయింట్లకు సమానమైనా, ఎక్కువైనా, గుర్తులతో పని లేకుండా పాత్ర చనిపోతుంది. ఫైర్‌బాల్ 8 ఆరు ముఖాల పాచికల దెబ్బ, సగటు 28. పడి ఉన్న పాత్ర చురుకుదనపు సేవ్ ఎలాగూ తప్పుతుంది గనుక దెబ్బ పూర్తిగా పడుతుంది. ఐదో లెవెల్ విజార్డ్ గరిష్ఠం 27 దగ్గర ఉండడం మామూలే. "వాళ్లంతా ఒకచోట చేరినారు, వేసేయ్ మామా" అని ఎవరైనా ఉత్సాహపడినప్పుడు, ఆ చోట మనవాళ్లెవరైనా పడి ఉన్నారా అని డీఎం ఒకసారి అడగడం మర్యాద.

ఎవరు, ఎప్పుడు, ఎలా లేపాలి

ముందుగా వంతుల వరుస చూడండి. పడినవారి వంతు కంటే ముందు వైద్యం చేయగలవారి వంతు వస్తుందా? వస్తే డెత్ సేవ్ అవసరమే పడదు. ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. లేపిన పాత్ర సాధారణంగా కొద్ది హిట్ పాయింట్లతోనే లేస్తుంది. లేపిన తర్వాత, అతని వంతుకు ముందు, ఇద్దరు శత్రువుల వంతులు ఉంటే వాళ్లు మళ్లీ పడగొడతారు, చేసిన వైద్యం దండుగ అవుతుంది. క్లెరిక్ వంతు పడినవారి వంతుకు సరిగ్గా ముందు ఉంటే అంతకంటే మంచి వరుస లేదు. అలా లేనప్పుడు క్లెరిక్ ముందు ఆ శత్రువుల్లో ఒకడిని తప్పించే పని చేసి, మరో రౌండ్ ఆగడం మేలు కావచ్చు.

సున్నా కింద లోతు లేదు కనుక ఒక్క హిట్ పాయింట్ ఇచ్చినా లేస్తారు. అందుకే పోరు మధ్యలో పెద్ద వైద్యం కంటే వేగమైన చిన్న వైద్యం విలువైనది. హీలింగ్ వర్డ్ అనే వైద్య మంత్రం 60 అడుగుల దూరం నుంచి బోనస్ యాక్షన్‌తో (వంతులో అదనంగా దొరికే చిన్న పనితో) పనిచేస్తుంది, క్యూర్ వూండ్స్ మంత్రానికి పక్కకు వెళ్లి తాకాలి, పూర్తి యాక్షన్ (వంతులోని ముఖ్యమైన పని) కావాలి. అయితే హీలింగ్ వర్డ్ వేయాలంటే ఆ పాత్ర కంటికి కనబడాలి. బెలూం గుహల్లాంటి మెలికల దారుల్లో పోరు నడుపుతుంటే 60 అడుగులు ఉన్నాయన్న ధీమా పనికిరాదు. మలుపు అవతల పడిన మిత్రుడు 20 అడుగుల దూరంలోనే ఉన్నా కనబడడు కాబట్టి మంత్రం అందదు.

మంత్రాలు లేని బృందానికి హీలర్స్ కిట్ చాలు. 5 బంగారు నాణేలకు 10 సార్లు వాడుకోవచ్చు, యాక్షన్ ఖర్చు పెడితే పాచిక లేకుండానే పడినవారు స్థిరపడతారు. కిట్ లేకపోతే మెడిసిన్ (వైద్య నైపుణ్యపు) పాచిక వేసి 10 తెచ్చుకోవాలి. స్థిరపడడం అంటే లేవడం కాదని గుర్తుంచుకోవాలి. డెత్ సేవ్‌లు ఆగుతాయి, స్పృహ రాదు, ఒకటి నుంచి నాలుగు గంటలు గడిచాక 1 హిట్ పాయింట్‌తో మెలకువ వస్తుంది. ఈలోగా మళ్లీ దెబ్బ తగిలితే సేవ్‌లు తిరిగి మొదలవుతాయి. వైద్యపు పానీయమైతే పడినవారి నోట్లో పోసి లేపవచ్చు, 2014లో దానికి యాక్షన్ కావాలి, 2024లో బోనస్ యాక్షన్ సరిపోతుంది.

లేచిన పాత్ర నిలబడడానికి సగం నడక ఖర్చవుతుంది. జారిపడిన కత్తిని అందుకోవడం వంతుకు ఒకసారి ఉచితం, కానీ దాన్ని ఎవడైనా ముందే తీసుకునో, కాలితో తన్నేసో ఉంటే ఆ అవకాశం కూడా ఉండదు. పడుతూ లేస్తూ, పడుతూ లేస్తూ పోరు హాస్యంగా మారుతోందని కొందరు డీఎంలు పడిన ప్రతిసారీ ఒక అలసట స్థాయి చేర్చే సొంత నియమం పెడతారు. నాలుగో లెవెల్ దాటేదాకా నేను దాన్ని సిఫారసు చేయను, ఎందుకంటే చిన్న లెవెళ్లలో పడిపోవడం ఆటగాడి అజాగ్రత్త కంటే పాచిక వల్లే ఎక్కువగా జరుగుతుంది.

శత్రువును చంపకుండా పడగొట్టడం

ఇప్పటిదాకా మనవాళ్ల సంగతి. శత్రువుల విషయంలో మామూలుగా సున్నా అంటే చావే, డీఎం ప్రతి దొంగకూ డెత్ సేవ్‌లు వేస్తూ కూర్చోడు, ముఖ్యమైన ప్రతినాయకులకు మాత్రం మినహాయింపు ఇస్తాడు. అయితే దగ్గరి నుంచి కొట్టిన దెబ్బతో శత్రువు సున్నాకు చేరితే, చంపాలా పడగొట్టాలా అన్నది కొట్టినవారి ఇష్టం. ఆ నిర్ణయం ముందే ప్రకటించనవసరం లేదు, దెబ్బ పడిన క్షణంలో చెబితే చాలు. మూడో ఎడిషన్‌లో మామూలు కత్తితో ప్రాణం తీయకుండా కొట్టాలంటే పాచికలో 4 తగ్గించుకోవలసి వచ్చేది, ఇప్పుడు అలాంటి జరిమానా ఏదీ లేదు. బాణానికి, ఫైర్‌బాల్‌కు ఈ వెసులుబాటు లేదు.

ఒక పోరు ఊహించుకోండి. గండికోట లోపలి ధాన్యాగారంలో దాక్కున్న ముఠా నాయకుడు ఒక్కడే మిగిలాడు, కోట కింద పెన్నా లోయలోకి దిగే రహస్య దారి అతనికే తెలుసు. అతనికి మిగిలింది 5 హిట్ పాయింట్లు. ఫైటర్ కత్తి తగిలింది, దెబ్బ 9. డీఎం ఇక్కడ "చచ్చాడు" అని తొందరపడి వర్ణించడం మొదలుపెడితే దారి రహస్యం కూడా అతనితోనే పోతుంది. ఆగి, ఫైటర్ వైపు చూసి అడగాలి.

"ఏం రా అబ్బీ, చంపుతావా, పండబెడతావా?"

"పండబెడతాన్నా. వానితో మాట్లాడే పని ఉండాది."

ఈ ప్రశ్న ప్రతిసారీ డీఎం నోటి నుంచే రావాలని నేను గట్టిగా చెబుతాను. కొత్త ఆటగాళ్లకు ఆ అవకాశం ఉందనే తెలియదు, తెలిసినవారు పాచిక పడిన సంబరంలో మరచిపోతారు. అదే దెబ్బ రోగ్ (చోరుడి పాత్ర) బాణంతో తగిలి ఉంటే అడగడానికి ఏమీ ఉండేది కాదు, కాబట్టి బందీ కావాలనుకున్న బృందం ఆఖరి దెబ్బ ఎవరు కొట్టాలో ముందే వరుస చూసుకుని, విలుకాడిని ఒక వంతు పక్కన పెట్టుకోవాలి.

2014, 2024 విడిపోయేది ఇక్కడే. 2014 ప్రకారం నాయకుడు సున్నా దగ్గర స్పృహ తప్పి, స్థిరంగా ఉంటాడు. వైద్యం చేయకపోతే ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత లేస్తాడు. 2024 ప్రకారం అతను సున్నాకు చేరడు, 1 హిట్ పాయింట్ దగ్గర ఆగి స్పృహ తప్పుతాడు, అక్కడి నుంచి అతని షార్ట్ రెస్ట్ (చిన్న విశ్రాంతి) మొదలై గంట తర్వాత ముగియగానే మెలకువ వస్తుంది. ఈలోపు ఎవరైనా వైద్యం చేసినా, యాక్షన్ ఖర్చుపెట్టి మెడిసిన్ పాచికలో 10 తెచ్చినా ముందే లేస్తాడు. తలకు దెబ్బ తగిలి గంటసేపు స్పృహ లేని మనిషిని నిజజీవితంలో వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఇక్కడిది ఆట కోసం పెట్టుకున్న సౌకర్యం మాత్రమే.

నిద్ర మంత్రంతో పడినవారి విషయం వేరు. స్లీప్ వల్ల స్పృహ తప్పినవారి హిట్ పాయింట్లు తగ్గవు, కాబట్టి డెత్ సేవ్‌ల ప్రసక్తే లేదు. ఒక్క దెబ్బ తగిలినా లేస్తారు, కానీ పక్క నుంచి కొట్టిన ఆ మొదటి దెబ్బ క్రిటికల్ అవుతుంది. 2014లో 5 ఎనిమిది ముఖాల పాచికలు వేసి, తక్కువ హిట్ పాయింట్లున్నవారి నుంచి మొదలుపెట్టి ఆ మొత్తం అయిపోయేదాకా పడుకోబెట్టుకుంటూ పోవాలి. 2024లో అది పోయి సేవ్ వచ్చింది. ఎల్ఫ్ జాతివారి మీద 2014 స్లీప్ పనిచేయదు.

బందీ పడిన తర్వాత పోరు ముగిసిందని పుస్తకాలు సర్దేయకండి. బృందం వెంటనే చేయవలసినవి మూడు ఉన్నాయి, వాటిని ఆటగాళ్లు నోటితో చెప్పాలి, డీఎం ఊహించుకోకూడదు: జారిపడిన ఆయుధాన్ని తీసుకోవడం, చేతులు కట్టడం, కాపలా ఎవరో తేల్చడం. తర్వాత డీఎం గంటల లెక్క కాగితం మీద రాయాలి. 2014 అయితే 4 ముఖాల పాచికను ఆటగాళ్లకు కనబడకుండా వేసి అంకె దాచుకోవాలి, 2024 అయితే ఒక గంట అని రాసుకుంటే సరిపోతుంది. ఆ గంటలోపు అతన్ని ప్రశ్నించాలంటే క్లెరిక్ ఒక మంత్రం ఖర్చు చేయాలి లేదా ఎవరైనా మెడిసిన్ పాచిక వేయాలి. 2014 నియమాల్లో ఆ పాచిక మనిషిని స్థిరపరుస్తుందే గాని లేపదు, కాబట్టి ఆ పుస్తకంతో ఆడేవారికి మంత్రమో పానీయమో తప్ప దగ్గరి దారి లేదు.